నైరుతిలో మాస్టర్ బెడ్‌రూమ్, హాల్లో మంచం

ఇంటాయనకు 58 ఏళ్లు. మోకాలికి అప్పుడే క్యాప్ తొడుగుతున్నాడు. కట్టిస్తున్నది మాత్రం డూప్లెక్స్, అందులో మాస్టర్ బెడ్‌రూమ్ పైన! యజమాని నైరుతిలోనే పడుకోవాలట, అదీ ఎత్తున ఉంటే మరీ మంచిదట. కింద గది ఎవరికయ్యా అంటే, చుట్టాలకు. చుట్టాలు వచ్చేది ఏడాదికోసారి, ఇంటాయన మెట్లెక్కేది పూటకు రెండుసార్లు. ఈ లెక్క ఎవరికీ పట్టదు. ఏ గృహప్రవేశానికి వెళ్లినా ఇదే ప్లాను. పెట్టిన పూర్ణం బూరెలు కూడా ఒంటపట్టవు.

పట్టే లెక్క వేరే ఉంది. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. పదిన్నర అడుగుల ఎత్తుకు 7 అంగుళాల మెట్టు వేస్తే సరిగ్గా 18 వస్తాయి. సిద్ధాంతిగారు తల అడ్డంగా ఊపుతారు. 19 చేస్తే మెట్టు ఎత్తు తగ్గి మోకాళ్లకు సుఖమే. కానీ మెట్ల వరస హాల్లోకి ఇంకో 10 అంగుళాలు జరుగుతుంది, ఇల్లాలు ఎప్పట్నుంచో మనసుపడ్డ ఎల్ ఆకారపు సోఫాకు అడ్డం. కాబట్టి 17. మెట్టు ఎత్తు దాదాపు ఏడున్నర అంగుళాలకు చేరింది. అప్పుడు మేస్త్రీకి ధర్మసందేహం వచ్చింది. “సార్, మధ్యలో ల్యాండింగు మెట్టు కిందికొస్తుందా, రాదా?” వస్తే మళ్లీ 18! బావమరిది తనింట్లో లెక్కపెట్టలేదన్నాడు, ఆ తర్వాతే ప్రమోషన్ వచ్చిందనీ గుర్తుచేశాడు. సిద్ధాంతిగారు ఫోన్లో, లెక్కపెట్టాల్సిందే అన్నారు. మేస్త్రీ పని ఆపి బీడీ వెలిగించాడు. చివరికి మొదటి మెట్టు ముందు ఒక గ్రానైటు పలక పరిచి, అదీ మెట్టేనని తీర్మానించారు. అంగుళం ఎత్తైనా లేని ఆ పలకే ఇప్పుడు ఇంటిల్లిపాది బొటనవేళ్లకూ తగులుతోంది.

ఇంత చర్చలోనూ రెండు వైపులా పట్టుకోడానికి రెయిలింగ్ కావాలని ఒక్కరూ అనలేదు. గోడ వైపు ఏనుగు బొమ్మ పెట్టించారు.

వీధిలోంచి ఇంట్లోకి వచ్చే దారి ఇంకో తమాషా. ఏటా లేచే రోడ్డుకు భయపడి బేస్‌మెంట్ 3 అడుగులు లేపుతారు. వీల్‌చైర్‌కు ర్యాంపు కావాలంటే అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలని 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. అంటే 36 అడుగులు. ముప్ఫై బై అరవై అడుగుల స్థలమైతే, అదే మన 200 గజాలు, ర్యాంపు ఇక్కడ కట్టుకుని ఇల్లు పక్క స్థలంలో కట్టుకోవాలి. బేస్‌మెంట్ తగ్గించమంటే వీధిలో పరువు తగ్గుతుంది.

బాత్రూమ్‌లో మొహం కనిపించేంత నున్నటి టైల్స్. తలుపు రెండున్నర అడుగులు, ఫ్రేమ్ పోగా వీల్‌చైర్ దూరడం గగనమే. పైగా లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడితే ఆ మనిషే తలుపుకు అడ్డం. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6.84 లక్షల మంది చనిపోతున్నారని, వాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇంటాయన మాత్రం షవర్ కంపెనీ గురించి వారం ఆలోచించాడు.

ముసలితనం మాట ప్లాను ముందు ఎత్తితే అపశకునం. ఎత్తకపోతే ఏమవుతుందో ప్రతి వీధిలోనూ ఒక ఇల్లు చూపిస్తుంది. తుంటి ఎముక విరిగిన పెద్దావిడ పైకి ఎక్కలేదు, కింది గది బాత్రూమ్‌లోకి కుర్చీ దూరదు. ఎల్ సోఫా జరిపి హాల్లో అద్దె ఇనపమంచం వేస్తారు. వచ్చినవాళ్లు షోకేసు చూస్తున్నట్టు తల పక్కకు తిప్పుకుంటారు, ఆవిడ దుప్పటి మెడదాకా లాక్కుంటుంది. ఆ ఇల్లు ఆవిడ గాజులు అమ్మి కట్టిందే.

మీ ప్లాను ఇంకా కాగితం మీదే ఉంటే కింద ఒక పడకగది మీకోసమే గీయించుకోండి. దాన్నానుకుని బాత్రూమ్‌, దానికి మూడడుగుల తలుపు, అదీ బయటికి తెరుచుకునేది. గోడకు పట్టుకునే కడ్డీలు ఇప్పుడే బిగించాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు. నైరుతి కింద కూడా ఉంటుంది, సిద్ధాంతిగారిని అడగండి.