టెస్లాగారూ, మీరేమిట్లండీ?

రైల్లో ఎదురు సీటు పెద్దమనిషి మన పేరు, ఊరు, జీతం అన్నీ రాబట్టాక కాస్త ముందుకు వంగి "ఇంతకీ మీరేమిట్లండీ?" అంటాడు చూశారూ, ఆ ప్రశ్న మన ఒక్కళ్ల సొత్తేనని గర్వపడనక్కర్లేదు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అంటూ 2001 జనవరిలో పుట్టిన వికీపీడియా అప్పట్నుంచీ గతించిన మహానుభావుల్ని వరసగా నిలబెట్టి అదే అడుగుతోంది. మనమైతే దుప్పటి ముసుగేసి నిద్ర నటించవచ్చు. నికోలా టెస్లాకు ఆ సౌకర్యం లేదు.

టెస్లా 1856 జులై 10న స్మిల్యన్ అనే పల్లెలో పుట్టాడు. ఆ పల్లె అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యపు సైనిక సరిహద్దు ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. తండ్రి సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చి పూజారి. కుర్రాడు ఆస్ట్రియాలో చదివి, బుడాపెస్ట్‌లోనూ ప్యారిస్‌లోనూ ఉద్యోగాలు చేసి, 1884లో న్యూయార్క్‌లో దిగాడు. 1891లో అమెరికా పౌరుడయ్యాడు. 1943లో అక్కడే ఒక హోటలు గదిలో ఒంటరిగా పోయాడు. ఆయన ఇండక్షన్ మోటారు పుణ్యమా అని ఇవాళ మన పొలాల్లో బోర్లు నీళ్లు పోస్తున్నాయి.

ఇంత జీవితంలో వికీపీడియా సంపాదకులకు కొరుకుడు పడనిది ఒక్కటే. ఇంగ్లీషు వ్యాసం మొదటి వాక్యంలో 'ఇంజనీరు' అన్న మాటకు ముందు ఏం పెట్టాలి? సెర్బియన్ అనాలా? సెర్బియన్-అమెరికన్ అనాలా? క్రొయేషియాలో పుట్టిన సెర్బు అనాలా? ఏదీ కాదు, ఆస్ట్రియా చక్రవర్తి ప్రజ అనాలా? ఈ గొడవ చర్చాపేజీని ఎంతగా ముంచెత్తిందంటే, చివరికి దీనికోసమే పక్కన ఇంకో పేజీ కట్టించి, 'జాతీయత, జాతి' అని బోర్డు తగిలించి, కొట్టుకునేవాళ్లంతా అక్కడికి వెళ్లి కొట్టుకోండని పంపించేశారు. ఏసీ గొప్పా డీసీ గొప్పా అన్న తగాదా ఎడిసన్‌ కాలంలోనే తేలిపోయింది. ఇది మాత్రం తేలలేదు. ప్రస్తుతానికి 'సెర్బియన్-అమెరికన్'ది పైచెయ్యి. పత్రిక మీ చేతికి అందేలోగా మారిపోతే నా పూచీ లేదు.

అలాగని టెస్లా జవాబు చెప్పకుండా పోలేదు. 1936లో క్రొయేషియా నాయకుడు వ్లాద్కో మాచెక్‌కు ఇచ్చిన టెలిగ్రాంలో, తన సెర్బు పుట్టుకన్నా క్రొయేషియా మాతృభూమన్నా తనకు సమానంగా గర్వమేనని చెప్పుకున్నాడు. మనిషే స్వయంగా చెప్పాక ఇంకేం కావాలి? పుట్టుక అన్న ముక్కను ఒకరు చింపుకుపోయారు, మాతృభూమి అన్న ముక్కను ఇంకొకరు. 'సమానంగా' అన్న మాట కింద పడిపోయింది. దాన్ని ఏరుకున్నవాడు లేడు.

పాపం సంపాదకుల్ని మాత్రం అని ఏం లాభం? ప్రభుత్వాలు చేసిందీ అదే. బతికుండగా టెస్లా సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ మొహం చూసింది ఒక్కసారి, 1892లో. పోయాక, 1957లో, ఆయన చితాభస్మం అక్కడి మ్యూజియానికి చేరింది. 2006లో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. వంద దినార్ల నోటు మీదా ఆయనే. క్రొయేషియా సంగతి ఇంకా రసవత్తరం. స్మిల్యన్ పక్కనే ఉన్న గోస్పిచ్ పట్టణంలో 1992లో, స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో, ఆయన విగ్రహాన్ని పేల్చేశారు. సెర్బువాడి విగ్రహం మన నడివీధిలో ఏమిటన్న రోజులవి. అదే దేశం 2023లో యూరోకు మారేటప్పుడు 10, 20, 50 సెంట్ల నాణేల మీద ఆయన బొమ్మ ముద్రించుకుంది. మావాణ్ని మీ నాణెం మీద ఎలా వేస్తారని సెర్బియా జాతీయ బ్యాంకు అభ్యంతరం చెప్పింది. అప్పులతో కన్నుమూసిన మనిషి ముఖాన్ని డబ్బు మీద వేసుకోడానికి రెండు దేశాలు పోటీ పడ్డాయి. బ్యాంకులు జీతాలు తీసుకుని చేసే పని వికీపీడియన్లు రాత్రిళ్లు మేలుకుని ఉచితంగా చేస్తున్నారు. అంతే తేడా.

వికీపీడియాకు నియమాలు లేవని కాదు. ఒకే పేజీలో ఇరవైనాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాడి రాతను చెరిపితే వేటు పడుతుంది. కాబట్టి జ్ఞానం కలవారు మూడుసార్లు చెరిపి పడుకుంటారు. మనిషి పేరు రావడానికి కారణమైతే తప్ప మొదటి పేరాలో జాతి ఊసెత్తొద్దని ఇంకో నియమం ఉంది. మంచి నియమం. దాన్ని ఎదుటివాడికి చూపించడానికి అందరూ వాడతారు.

పోలండ్ రేవు పట్టణం గ్దాన్స్క్ కథ వినండి. జర్మన్లకు అది డాన్‌జిగ్. ఒకరు ఒక పేరు రాయడం, తెల్లారేసరికి ఇంకొకరు కొట్టేసి రెండోది రాయడం. విసిగి వేసారి 2005లో ఓటింగు పెట్టారు. 1308కి ముందు గ్దాన్స్క్, 1308 నుంచి 1945 దాకా డాన్‌జిగ్, ఆ పైన మళ్లీ గ్దాన్స్క్ అని తేల్చారు. అక్కడితో ఆగితే బాగుండేది. స్పష్టంగా జర్మన్ అయినవాడి జీవితచరిత్రలో డాన్‌జిగ్ ముందు రావాలని, స్పష్టంగా పోలిష్ అయినవాడి చరిత్రలో గ్దాన్స్క్ ముందు రావాలని కూడా తీర్మానించారు. ఎవడు స్పష్టంగా ఎవడన్నదే కదండీ అసలు తగువు! ఆ ఊళ్లో 1611లో పుట్టిన హెవేలియస్ పగలు బీరు వ్యాపారం చేసి, రాత్రిళ్లు దుర్భిణీతో చంద్రుడి పటాలు గీసి, అక్కడి కొండలకు పేర్లు పెట్టాడు. ఆయన సొంత ఊరి పేరేమిటో మాత్రం మూడున్నర శతాబ్దాలు దాటాక మనం ఓట్లేసి తేల్చాం.

కోపర్నికస్ మీదా ఇదే గుంజులాట. పోలండ్ రాజు ఏలుబడిలోకి వచ్చిన తోరున్‌లో, జర్మన్ మాట్లాడే ఇంట్లో 1473లో పుట్టి, శాస్త్రమంతా లాటిన్‌లో రాశాడు. అటూ ఇటూ లాగి లాగి అలసిపోయి, ఇంగ్లీషు వ్యాసం మొదటి వాక్యంలో ఏ దేశం పేరూ లేకుండా వదిలేశారు. నా ఉద్దేశంలో ఇన్ని తగువుల్లోనూ మనిషికి దక్కిన అసలైన మర్యాద అదొక్కటే.

మాసిడోనియా తగువైతే దేశాలకే అంతు చిక్కలేదు. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయిన దేశం ఆ పేరు పెట్టుకుంటే, పేరూ మాదే, అలెగ్జాండరూ మావాడే అంది గ్రీసు. 'పూర్వపు యుగోస్లావ్ రిపబ్లిక్ ఆఫ్ మాసిడోనియా' అనే చాంతాడంత పేరుతో 1993లో ఐక్యరాజ్యసమితి లోపలికి రానిచ్చింది. సమితి తరఫు మధ్యవర్తి మాథ్యూ నిమెట్జ్ ఏడాదికి ఒక్క డాలరు జీతం మీద ఏళ్లకేళ్లు తిరిగాడు. ఇటు వికీపీడియాలో ఇదే గొడవ 2007లోనూ 2009లోనూ మధ్యవర్తుల సంఘం గుమ్మం ఎక్కింది. చివరికి 2018 జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున రెండు దేశాలూ సంతకాలు చేశాక, మరుసటేడాది ఫిబ్రవరిలో అది ఉత్తర మాసిడోనియా అయ్యింది. నిమెట్జ్‌కు ఏడాదికో డాలరన్నా ముట్టింది. సంపాదకులకు నిద్ర కూడా దక్కలేదు.

ఇదంతా చదివి, ఎవరి కొంప వాళ్లకు కట్టించేస్తే పోలేదా అనిపిస్తుంది. కట్టించారు కూడా. సెర్బో-క్రొయేషియన్ అని ఒకప్పుడు ఒకే పేరుతో పిలిచిన భాషకు ఇవాళ నాలుగు వికీపీడియాలున్నాయి. సెర్బియన్‌ది ఒకటి, క్రొయేషియన్‌ది ఒకటి, బోస్నియన్‌ది ఒకటి. పాత పేరు మీద మమకారం చావనివాళ్లకు సెర్బో-క్రొయేషియన్‌ది ఇంకొకటి. హాయిగా ఉండాలి మరి.

క్రొయేషియన్ వికీపీడియాలో ఏం జరిగిందో చూడండి. ఒకే భావజాలం ఉన్న కొద్దిమంది నిర్వాహకుల చేతికి తాళాలు చిక్కాయి. కాదన్నవాళ్లను నిషేధించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో క్రొయేషియా ఫాసిస్టుల ఉస్తాషా ప్రభుత్వం సెర్బుల్ని, యూదుల్ని, రోమాల్ని వేలాదిగా చంపిన యాసెనొవాట్స్ మృత్యుశిబిరం ఆ పేజీల్లో ఉత్త శ్రమశిబిరంలా కనిపించసాగింది. 2013లో ఆ దేశపు విద్యామంత్రే దాన్ని నమ్మొద్దని పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. దాదాపు పదేళ్లు ఆ వికీపీడియా ఒక ముఠా గుప్పిట్లో ఉండిపోయిందని వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషనే 2021లో నివేదిక వేయించి బయటపెట్టింది. టెస్లా పేజీలో ఒక విశేషణం కోసం ఏళ్లతరబడి జుట్లు పట్టుకున్నవాళ్ల మీద నాకు గౌరవం కలిగింది ఈ సంగతి చదివాకే. అక్కడ ఎదురు చెప్పేవాడు ఒకడు ఎప్పుడూ ఉన్నాడు. ఇక్కడ లేకుండా చేశారు.

మన సంగతీ కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లీషు వికీపీడియా దక్షిణాసియా వ్యవహారాలకు, అందులోనూ కులాలకు, ప్రత్యేకంగా కఠిన నియమాలు పెట్టుకుంది. చాలా కులాల వ్యాసాలకు తాళం వేశారు. 500 దిద్దుబాట్లు, 30 రోజుల అనుభవం ఉంటేగానీ మీ పూర్వీకులు సూర్యవంశపు క్షత్రియులని అక్కడ ప్రకటించుకునే వీల్లేదు. ఇక శ్రీకృష్ణదేవరాయలున్నాడు. వంశం తుళువ, రాజధాని ఇప్పటి కర్ణాటకలో, ఆముక్తమాల్యద తెలుగులో. ఆంధ్రభోజుడన్నా పలికాడు, కన్నడరాజ్యరమారమణుడన్నా పలికాడు. బిరుదులు పోగేసుకునే రోజున, అయిదొందల ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి వాటిలో ఒకటే ఉంచుకోమంటారని ఆ మహారాజుకు తట్టలేదు. 1950లో కరీంనగర్‌లో పుట్టి గడప దాటని మనిషి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో పెరిగి, తెలంగాణలో ముసలివాడయ్యాడు. తెలంగాణలో పది జిల్లాలు ముప్పైమూడయ్యాయి, ఆంధ్రలో 2022లో పదమూడు ఇరవైఆరయ్యాయి. ఆ మార్పుల వెంట వేల గ్రామాల పేజీలు దిద్దుకుంటూ పోయింది ప్రభుత్వ గుమాస్తాలు కాదు, జీతం భత్యం లేని వికీపీడియన్లు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మన భాష మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు. అక్కడ క్రమం తప్పకుండా రాసేవాళ్లు మాత్రం ఒక పెళ్లిపందిట్లో పట్టేస్తారు. మనకున్న ముప్పు తగువులు కాదు, తగువుపడేందుకైనా మనుషులు చాలకపోవడం. తాళాలు ఒకరి గుప్పిట్లోకి వెళ్లేది అలాంటి చోట్లే.

అందుకని ఒక మనవి. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరవండి. 2011 జనాభా లెక్కలుంటాయి, జూనియర్ కాలేజీ ఎంత దూరమో ఉంటుంది. చాలా ఊళ్లకు అక్కడితో సరి. మీ చెరువు ఎవరు తవ్వించారో, గుళ్లో శాసనం ఏం చెబుతోందో, మీ ఊళ్లో పుట్టిన గొప్పవాడు అసలేం చేశాడో రాయండి. పక్క వీధివాడు ఒప్పుకోకపోతే వాణ్నీ వచ్చి రాయమనండి. ఆధారం మాత్రం చూపించండి. చూపించకపోతే ఎవరో ఒకరు తీసేస్తారు, అప్పుడు నాకు ఉత్తరం రాయొద్దు.