మరిగే నీళ్లలో హాయిగా డీఎన్‌ఏ కాపీ కొట్టడం ఎలా?

తమ్ముడూ, అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి ఊటలోనో, ఇటలీలో వుల్కానో దీవి ఒడ్డున ఉడుకుతున్న ఇసుకలోనో సూక్ష్మజీవిగా కళ్లు తెరిచావు. సంతోషం. నువ్వు ఇద్దరు కావాలంటే ముందు డీఎన్‌ఏ మొత్తానికి నకలు తీయాలట. ఆ వుల్కానోలో పైరోకాకస్ ఫ్యూరియోసస్ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. 1986లో ఫియాలా, స్టెట్టర్ అనే శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేశారు. నూరు డిగ్రీల వేడిలో 37 నిమిషాలకోసారి రెట్టింపవుతాడు. ప్రతిసారీ దాదాపు 19 లక్షల అక్షరాలు మక్కీకి మక్కీ దించుతాడు. అలాంటివాళ్లతో తిరిగితే బతుకంతా చాకిరీయే. నా మాట విను, కొద్ది తరాల్లోనే నీ వంశానికి పూర్తి విశ్రాంతి ఇప్పిస్తాను.

1. రాసింది మళ్లీ చూసుకోకు.

పైరోకాకస్ వాడే పాలిమరేజ్‌ను, అంటే నకలు తీసే ఎంజైమ్‌ను, ల్యాబుల్లో ‘పీఎఫ్‌యూ’ అంటారు. దానికి చాదస్తం ఎక్కువ. తప్పు అక్షరం పడి జత కుదరకపోతే ఉన్నచోటే ఆగుతుంది. కొత్త పోగు కొసను తనలోనే ఉన్న ఇంకో అరలోకి మళ్లించి, తప్పును కత్తిరించి, వెనక్కి తెచ్చి సరైన అక్షరం పెడుతుంది. ఒక్క అక్షరానికి ఇంత తతంగమా! ఆ కత్తెర అవతల పారెయ్.

టాక్ పాలిమరేజ్‌ను చూసి నేర్చుకో. అది బ్రాక్, ఫ్రీజ్ 1969లో పేరు పెట్టిన థర్మస్ అక్వాటికస్ ఇంటిది. దానికి ఆ కత్తెరే పనిచెయ్యదు. 1996లో వచ్చిన ఒక కొలత ప్రకారం, ఒక్కో విడత నకలులో పది లక్షల అక్షరాలకు పీఎఫ్‌యూ తప్పులు 1.3, టాక్ తప్పులు 8. అయినా 1989లో ‘సైన్స్’ పత్రిక, ల్యాబుల్లో డీఎన్‌ఏ నకళ్లు గుట్టలుగా తీసే పీసీఆర్ పద్ధతితో కలిపి ‘ఈ ఏటి అణువు’ అని పట్టం కట్టింది ఎవరికి? టాక్‌కే! సొంతింట్లో టాక్ చేసేది ఎక్కువగా ఖాళీలు పూడ్చే పని, అసలు నకలు తీసేది పాల్-త్రీ అనే వేరే ఎంజైమ్. ఆ సంగతి మాత్రం బయట అనకు.

2. యురాసిల్ కనిపిస్తే చూడనట్టు పో.

ఇది మన వృత్తి రహస్యం, శ్రద్ధగా విను. వేడికి సైటోసిన్ మీది అమైన్ గుంపు ఊడిపోయి అది యురాసిల్ అవుతుంది. నీళ్లు ఎంత కాగితే అంత తొందరగా ఊడుతుంది. యురాసిల్ ఆర్‌ఎన్‌ఏ సరుకు, డీఎన్‌ఏలో దానికి చోటు లేదు. పీఎఫ్‌యూ ఏం చేస్తుందో తెలుసా? ముందున్న దారిని తడుముకుంటూ పోతుంది. యురాసిల్ ఇంకా నాలుగు అక్షరాల దూరంలో ఉండగానే పసిగట్టి బ్రేకు వేస్తుంది. పని ఆగిపోతుంది, మరమ్మతుకు వీలు చిక్కుతుంది.

నువ్వు ఆగకు. యురాసిల్ ఎదురుగా అడినిన్ పెట్టేసి ముందుకు పో. రెండూ చక్కగా అతుక్కుంటాయి, ఎవరికీ అనుమానం రాదు. మరుసటి విడతలో ఆ అడినిన్ ఎదుట థైమిన్ వచ్చి కూర్చుంటుంది. సీ-జీ ఉండాల్సినచోట టీ-ఏ ఖాయమైపోయింది. దొంగ సంతకానికి గెజిటెడ్ ముద్ర పడ్డాక ఇక అడిగేదెవరు? ఇందులో ల్యాబుల వాళ్లు కూడా నీ పక్షమే. పీఎఫ్‌యూలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మార్చి, యురాసిల్ దగ్గర ఆగే ఆ పాడు అలవాటు మాన్పించారు.

3. రివర్స్ గైరేజ్‌ను పనిలోంచి తీసెయ్.

డీఎన్‌ఏకు అదనపు మెలికలు వేసి బిగించే ఎంజైమ్ అది. నీలాంటి అతివేడి జీవులందరి ఇళ్లలో తిష్ఠ వేసింది. జపాన్‌లోని కొడకర దీవికి చెందిన థర్మోకాకస్‌లో దాని జన్యువును తీసి చూశారు. 93 డిగ్రీల దగ్గర ఆ జీవి పెరగనేలేదు. ఇంకేం కావాలి, జీవితకాలం సెలవు!

4. ఒక్క ప్రతి చాలు.

థర్మస్ థర్మోఫిలస్ అనే ఇంకో వేడిజీవి ఒక్కో కణంలో జీనోమ్‌కు నాలుగైదు ప్రతులు దాస్తుంది. ఒకటి చెడితే ఇంకోటి చూసి దిద్దుకోవచ్చని. ఉత్త పిసినారితనం.

5. ఎవరడిగినా వేడి మీదికి తోసెయ్.

‘ఈ ఉక్కలో మనిషన్నవాడు పనిచేయగలడా సార్’ అని మొదలుపెట్టు. మనిషివి కాకపోయినా ఫర్వాలేదు, జాలిపడతారు. ‘తప్పుజతలు సరిదిద్దే మ్యూట్-ఎస్, మ్యూట్-ఎల్ స్టాఫే మా దగ్గర లేరు’ అని కూడా చెప్పు. ఒక్క జాగ్రత్త. ఎవరైనా సల్ఫోలోబస్ ఆసిడోకాల్డేరియస్ పేరెత్తితే వెంటనే మాట మార్చు. దానిదీ మీ కులమే, 75 డిగ్రీలు దాటిన ఆమ్లంలో కాపురం. దానికీ ఆ స్టాఫ్ లేరు. అయినా 2001లో గ్రోగన్ బృందం లెక్కగడితే, జీనోమ్ మొత్తాన్ని వెయ్యిసార్లు నకలు తీస్తే దాదాపు రెండే ఉత్పరివర్తనాలు తేలాయి. చల్లనిచోట బతికే బాక్టీరియాకు ఏమాత్రం తీసిపోలేదు. కులం పరువు తీసింది.

6. ఫలితం కోసం కంగారుపడకు.

చల్లనిచోట బతికేవాళ్లకు ప్రోటీన్‌లో ఒక అక్షరం తేడా వచ్చినా ఎలాగో కుంటుకుంటూ లాగిస్తారు. నీ వేడిలో ఆ కాస్త తేడాకే ప్రోటీన్ మడతలు విడిపోతాయి. వేడిజీవులు అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నకలు తీయడానికి ఇదే కారణం కావచ్చని డ్రేక్ అనే జన్యుశాస్త్రవేత్త అన్నాడు. నీకు అదే వరం. ఒక్క తరం తప్పులు చాలు, సగంమంది పిల్లలు పని మొదలుపెట్టకముందే పోతారు. మిగతావాళ్లు వాళ్ల పిల్లలకు అదే తప్పు అప్పగిస్తారు. ఆ తర్వాత నకలు అడిగేవాడు లేడు, తప్పు పట్టేవాడు లేడు, ఫిర్యాదు చేయడానికి వారసుడూ లేడు. ఆలస్యం దేనికి తమ్ముడూ, ఈ విడత నుంచే మొదలుపెట్టు.