జేబులు తడమండి, మొహాలు కాదు

బొగ్గు బాయిలోకి దిగే ముందు అందరి జేబులూ తడుముతారు. బీడీ ఉందా, అగ్గిపెట్టె ఉందా, లైటర్ దాచాడా? జనరల్ మజ్దూర్ అయినా మేనేజర్ సార్ అయినా చేతులెత్తి నిలబడాల్సిందే. లోపల మీథేన్ పేరుకుని ఉంటే దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇప్పటి జార్ఖండ్‌లోని ధోరీ గనిలో 1965లో జరిగిన పేలుడుకు 268 మంది బలయ్యారు. పుల్ల గీసినవాడికి గడ్డం ఉందా, బొట్టుందా అని చూసి పేలే అలవాటు మీథేన్‌కు లేదు. అందుకే తడిమేవాడు కూడా మొహం వంక చూడడు. చూసినా దండగే. షిఫ్టు దిగి పైకొచ్చేసరికి మేనేజర్‌దీ మజ్దూర్‌దీ ఒకటే రంగు.

విమానమెక్కే జాతికి మాత్రం ఈ ఇంగితం ఇంకా అందలేదు. వాళ్లకు జేబుల కన్నా మొహాల మీదే నమ్మకం ఎక్కువ.

2006 ఆగస్టు 23న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముంబైకి బయల్దేరిన నార్త్‌వెస్ట్ విమానం సగం దారి కూడా పోకుండానే వెనక్కి తిరిగింది. పక్కన డచ్చి వాయుసేన ఎఫ్-16లు కాపలా. దిగీ దిగగానే 12 మంది అరెస్టు. వాళ్లు చేసిన నేరమల్లా సెల్‌ఫోన్లు చేతులు మార్చుకోవడం, సిబ్బంది చెప్పినట్టు కుదురుగా కూర్చోకపోవడం, మాట్లాడుకోవడం. ఆధారమేదీ దొరక్క మర్నాడే వదిలేశారు. గోదావరిఖని నుంచి మంథని పోయే పల్లెవెలుగు బస్సులో వెనక సీటు ఫోన్ ముందు సీటుకు, ముందు సీటు పిల్లాడు వెనక ఒళ్లోకి మారకుండా సెంటినరీ కాలనీ దాటడం నేనైతే చూడలేదు. డచ్చివాళ్ల లెక్కన మన బస్సుకు అటొకటి ఇటొకటి యుద్ధవిమానాలు కావాలి. కండక్టర్‌కు చిల్లర తిప్పలు చాలక ఇదొకటి.

2016 మే నెలలో ఫిలడెల్ఫియాలో ఇంకా చోద్యం జరిగింది. గిరజాల జుట్టు, ఛామనఛాయ ఒళ్లున్న ఒక మనిషి విమానంలో కూర్చుని కాగితం మీద ఏదో గీస్తున్నాడు. పక్క సీటావిడకు అది అర్థం కాలేదు. అర్థం కాలేదు కనక అది అరబ్బీ, అరబ్బీ కనక బాంబు. విమానం ఆపి మనిషిని దించి విచారిస్తే ఆయన గైడో మెన్జియో అనే ఇటలీ ఆర్థికశాస్త్రవేత్త, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. రాస్తున్నది డిఫరెన్షియల్ ఈక్వేషన్. ఇది తెలిసినప్పటి నుంచీ నా బెంగ ఒక్కటే. ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు మోసే కరీంనగర్ పిల్లలు రేపు ఏ విమానం ఎక్కుతారు?

అమెరికావాళ్లనే అనుకోవడం దేనికి? 2022 ఆగస్టులో మంగళూరులో విమానమెక్కిన ఒకావిడ పక్క మనిషి ఫోన్‌లోకి తొంగిచూసి, అందులో బాంబు మాట కనిపించేసరికి కేక పెట్టింది. అందర్నీ దించి సామానంతా వెతికారు, గంటల తరబడి విమానం కదల్లేదు. తీరా అది ఆ అబ్బాయి తన స్నేహితురాలితో ఆడుతున్న వేళాకోళం. ఇంకొకరి ఫోన్ చదవడం మనవాళ్లకు వినోదమనుకునేవాణ్ని, దేశసేవ కూడానట.

భయం ఉత్తదని నేననడం లేదు. 1985లో ఎయిరిండియా విమానం కనిష్క పేలి 329 మంది సముద్రం పాలయ్యారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన రాత్రి, అక్కడ కోచింగ్‌లో ఉన్న పిల్లల ఫోన్లు కలవక గోదావరిఖనిలో కాళ్లూ చేతులూ ఆడని ఇళ్లెన్నో. భయపడాల్సిందే. భయపడి ఎక్కడ చూస్తున్నామన్నదే పేచీ. 2001 డిసెంబరులో బూట్లలో పేలుడు మందు దాచి పారిస్‌లో విమానమెక్కిన రిచర్డ్ రీడ్‌ను అంతకు ముందురోజే పోలీసులు ఆపారు. వాలకం బాగాలేదని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ ప్రశ్నలతో ఆ రోజు విమానం తప్పిపోతే, పాపమని మర్నాటికి టికెట్ ఇచ్చి ఎక్కించారు. మొహం చూశారు, మాట విన్నారు, బూట్లు మాత్రం చూడలేదు. మన బాయి మీద తడిమేవాణ్ని అక్కడ కూర్చోబెడితే ముందు బూట్లే విప్పించేవాడు. ఆ పాపానికి పదేళ్ల తర్వాత, 2011లో, న్యూయార్క్‌లో అప్పటికే విమానమెక్కి కూర్చున్న అబ్దుల్ కలాం బూట్లూ కోటూ విప్పించి తీసుకుపోయారు. హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో క్షిపణులు చేయించిన పెద్దమనిషి బూట్లలో ఏం దొరుకుతుందనుకున్నారో!

మా పక్క క్వార్టర్ కాకా రిటైరైన షాట్‌ఫైరర్, అంటే బాయిలో మందు కూరి బొగ్గు పేల్చేవాడు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. కాకా అక్కడికి పోయేముందు కొడుకు ఫోన్‌లో చెప్పిన జాగ్రత్తలు చుట్టుపక్కల క్వార్టర్లన్నిటికీ వినిపించాయి. "బాపూ, ఏం పని చేసినవని అడిగితే సింగరేణి ఎంప్లాయీ అను. షాట్‌ఫైరర్ అనకు, నీ కాళ్లు మొక్కుత." కాకా బుద్ధిగానే చెప్పొచ్చాడట. అసలు కథ విమానంలో జరిగింది. పక్క సీట్లో తెల్లగడ్డం, టోపీ, చేతిలో జపమాల ఉన్న ముసలాయన. "ఆయన కండ్లు మూసుకొని ఏందో సదువుతనే ఉన్నడు బిడ్డా. నాకు పాణం గజగజ. నేను కండ్లు మూసుకొని హనుమాన్ చాలీసా అందుకున్న." మరి అవతలి వరస సంగతేంటి కాకా అని అడిగా. "అండ్ల తెల్లామె ఉండె. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పాపం, నీళ్లు కూడా తాగలే."

కాకాకు ఇంకా అర్థం కాని విషయం, ఆవిడ లెక్కలో ఆ వరసలో అనుమానం ఒకటి కాదు, రెండు. ఆయనది దువా అనీ ఈయనది చాలీసా అనీ విడదీసి భయపడే ఓపిక భయానికి ఉండదు. నిజానికి కాకా తరానికి ఇది తెలియని విద్యేం కాదు. సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) రోజుల్లో భుజానికి సంచి, మొహాన నాలుగు రోజుల గడ్డం ఉన్న కుర్రాడు ఖని బస్టాండ్‌లో దిగితే అన్నలతో చుట్టరికం కలిపేవారు. 1992లో నిషేధం వచ్చాక ఆ చుట్టరికం మరీ దగ్గరైంది. ఊరి పేరు చెబితే హైదరాబాద్ లాడ్జీలో గది దొరకని రోజులవి. అలా అనుమానాలు మోసినవాళ్లే ఇవాళ బోర్డింగ్ పాస్ చేతికి రాగానే పక్కవాడి గడ్డం కొలుస్తున్నారు.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో మా దేశం నుంచి పొమ్మని అరిచి, శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. 32 ఏళ్ల హైదరాబాద్ ఇంజనీర్. వెంట ఉన్న తెలుగు మిత్రుడికి, ఆపబోయిన తెల్ల యువకుడికి గాయాలు. కాల్చినవాడు ఇంకో ఊరు పోయి, ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు. అప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో పొర్లిన దుఃఖం చదివారా? అయ్యో, మనం ఇరానోళ్లం కాదు కదా, మనల్నెందుకు! అడ్రస్ తప్పిందన్నదే బాధ. సరైన అడ్రస్‌లో, నిజంగా ఇరానీ తల్లి కన్న బిడ్డకు తూటా తగిలి ఉంటే ఏమనేవాళ్లో వాళ్లనే అడగాలి. ఆ రోజుల్లోనే అమెరికాలోని ఒక తెలుగు సంఘం నలుగురిలో మాతృభాష మాట్లాడొద్దని, వాదనలకు దిగొద్దని సభ్యులకు సలహా ఇచ్చింది. తెలుగు కోసం పుట్టిన సంఘం, తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటే చాలంది.

ఆ సలహా ఇక్కడిదాకా పాకిందేమో. 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండిగో విమానంలో ఎమర్జెన్సీ తలుపు వరసలో కూర్చున్న ఒకావిడను లేపి వెనక వరసకు పంపారు. ఆమెకు తెలుగు తప్ప రాదు, అది భద్రతా సమస్య అన్నారట. స్థానిక భాషలు వచ్చిన సిబ్బందిని పెట్టుకోండని అప్పటి మంత్రి కేటీఆర్ ట్వీట్ చేశారు. ఆపదలో తలుపు తీయాల్సిన మనిషికి సిబ్బంది మాట అర్థం కావాలన్న నిబంధనను నేను తప్పుపట్టను. కృష్ణ ఒడ్డు నుంచి మూసీ ఒడ్డుకు ఎగిరే విమానంలో తెలుగు రాని సిబ్బందిని వదిలేసి, హిందీ ఇంగ్లీషు రాని ప్రయాణికురాలిని ప్రమాదంగా లెక్కించడమే వింత.

వాయుదూత్ దిగిన బసంత్‌నగర్ రన్‌వే మీద మళ్లీ విమానాలొస్తాయని ఎన్నికలప్పుడల్లా వింటున్నాం. వచ్చాయనే అనుకుందాం. కాకాకు కిటికీ సీటు ఇష్టం, అది ఎమర్జెన్సీ తలుపు పక్కనే దొరికిందనుకోండి. లెక్కపెట్టి మందు కూరి, మనుషుల్ని దూరం పంపి, పైకప్పు కూలకుండా బొగ్గు పేల్చి, వెంట వచ్చినవాళ్లను ముప్పై ఏండ్లు క్షేమంగా పైకి తెచ్చిన మనిషి. ఆయన్ను తలుపు పక్క నుంచి లేపి వెనక్కి పంపుతారు, ఇంగ్లీషు రాదు కదా. ఆ సీట్లో ఎవర్ని కూర్చోబెడతారు కాకా అంటే, "ఎవడైతేంది బిడ్డా, వాని జేబుల అగ్గిపెట్టె ఉన్నదో లేదో చూసిన్రా?" అన్నాడు.