మా రోజులల్ల బాప్తిస్మం ఊకెనే రాకపోతుండె

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయిపోంగనే వాగ్దానం కార్డు కోసం ఎగబడుతవు చూడు బిడ్డా, అప్పుడు నాకు ఒళ్లు మండుతది. ఏ కార్డు తీసినా దీవెనే. అప్పులు తీరుతయి, ఇల్లు కడతవు, పగోడు పారిపోతడు. తన వెంట వచ్చేటోడు తనను తాను కాదనుకొని రోజూ శిలువ మోయాలెనని ప్రభువు చెప్పిండు గదా, లూకా తొమ్మిదో అధ్యాయంలనే ఉంది. ఆ కార్డు డబ్బాల ఎందుకు ఎయ్యరు? ఏస్తే అది వచ్చినోడు మళ్ల ఇంకోటి తీస్తనని లైన్ల నిలబడతడు.

మా రోజులల్ల బాప్తిస్మం అడిగినోనికి ఆ ఆదివారమే ఇయ్యకపోతుండ్రి. పొద్దంత కలుపు తీసి, పొద్దుగూకినంక ఇంత గటుక తిని వాడల జమైతే ఉపదేశి సైకిలేసుకొని వస్తుండె. లాంతరు ముంగట కూసోబెట్టి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్పుతుండె. అక్షరం ముక్క రాని ముసలోళ్లు గూడ తప్పు లేకుండ ఒప్పజెప్పాలె. మా మేనత్త ఆజ్ఞలు తారుమారు చేసిందని పంట పండుగ దాక ఆగుమన్నడట. ఏడ్చిందట గని అలిగి ఇంట్ల కూసోలే, తెల్లారి నాటేసుకుంట మళ్ల అవే ఆజ్ఞలు మొదటికెళ్లి చదువుకున్నదట. ఆ ఉపదేశి చొక్కాకు మోచేతుల కాడ అతుకులే. వానకాలంల వాగొస్తే సైకిలు భుజానేసుకొని దాటుతుండె. ఇప్పుడు పాస్టరయ్య కారు దిగకముందే పాట మొదలైతది, స్టేజి మీద పొగ లేస్తది, నీకు పది ఆజ్ఞలు చెప్పుమంటే ఫోన్ తీస్తవు. సరే, ఎటో పోయిన.

నేను చెప్పేది విశ్వాసానికి కట్టే ఖరీదు సంగతి. వెస్లియన్ మిషనోళ్లు 1879ల సికింద్రాబాదుల దిగి, కొన్నేండ్లకే మన కరీంనగర్ దిక్కొచ్చిండ్రు. వాళ్ల మాట విన్నోళ్లల్ల శాన మంది మాల, మాదిగ వాడలోళ్లే. నిజాం రాజ్యం, ఊరి మీద దేశ్‌ముఖు, అడుగడుగున వెట్టి. చచ్చిన గొడ్డును ఈడ్వాలె, పోచమ్మ పండుగకు డప్పు కొట్టాలె, దొరింట్ల చావైనా పెండ్లయినా పిలువంగనే ఉరుకాలె. అసొంటి ఊళ్లె ఒకడు లేచి 'ఇగ నేను డప్పుకు రాను' అంటే ఒక్క మొక్కు మానినట్టా? ఊరి కట్టుబాటంతా కాదన్నట్టే.

మా తాత ఆ మాట అన్నడు. ఆ యేడు ఆయనను కూలికి పిలిచినోడు లేడు. కల్లంల ఇచ్చే గింజలు బందైనయి. తాత డప్పును పారెయ్యలే, దూలానికి ఏలాడగట్టిండు. నేను చిన్నగున్నప్పుడు దాని తోలు ఎండి, నడుమ పగిలి ఉండె. ఇప్పుడు మీరు క్రిస్మస్ ఊరేగింపుల డప్పు కొడుతుండ్రు, మా సంస్కృతి అంటుండ్రు. మంచిదే, నేను కాదన. తాత ఇడిసిపెట్టింది వెట్టిని. గని కొట్టేటోనికి ఆ సంగతి తెల్వాలె గదా!

గింజలు బందైన ఆ యేడే మా నాయినమ్మ పిడికెడు బియ్యం ఎత్తిపెట్టుడు మొదలువెట్టింది. పొయ్యి పక్కన చిన్న గురిగి. సోలతోటి నూకలు కొలిసి, కుండల పొయ్యకముందు ఒక పిడికెడు అండ్ల ఏస్తుండె. ఆదివారం గురిగిని కొంగుల బోర్లించుకొని గుడికి తీస్కపోతుండె. ఇంట్ల ఆరుగురు పిల్లలు. నువ్వు ఫోన్ల నూటపదహార్లు కొట్టి, పేరు స్క్రీన్ మీద పడిందా లేదా అని చూస్తవు.

దోర్నకల్‌కు 1912ల బిషప్ అయిన అజరయ్య, బాప్తిస్మం తీసుకున్నోళ్లతోటి నెత్తి మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమేనని ఒట్టు పలికిస్తుండెనట. పాలేరుతోటి గూడ అదే మాట. జర్మనీల బోన్‌హోఫర్ అనే పాస్టరు చౌక కృప వద్దని 1937ల పుస్తకమే రాసిండు, హిట్లర్‌కు ఎదురు నిలిచి 1945 ఏప్రిల్ 9న ఉరికెక్కిండు. మా తాతకు ఆయన పేరు తెల్వది. తెలిస్తే, ఇది పుస్తకం రాసి చెప్పాల్నా అంటుండె.

అట్లని మా రోజులల్ల అందరు తాత అసొంటోళ్లేం గాదు. గోధుమలు, పాలపొడి పంచిన దినం గుడి నిండుతుండె, పై ఆదివారం సగం బెంచీలు ఖాళీ. పోస్నెట్ దొర కట్టించి 1924 క్రిస్మస్ నాడు తెరిచిన మెదక్ గుడి సంగతి చూడు, కరువుల రాళ్లు మోసినోళ్లను అక్కడికి తెచ్చింది ముందుగాల ఆకలే. ఆకలితోటి వచ్చినోన్ని నేను తప్పువట్ట. నేను నిన్ను తిట్టినట్టే మా నాయిన గూడ నన్ను, మీ కాలమోళ్లకు భక్తి యాడిది అని తిడుతుండె.

ఇగ నువ్వు అడుగుతవు, 'తాతా, మాకు ఖర్చు లేదా?' అని. ఎందుకు లేదు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానోడు ఎస్సీ కాడు. 1956ల సిక్కులను కలిపిండ్రు, 1990ల బౌద్ధులను కలిపిండ్రు, మనను కలపలే. క్రైస్తవుడని రాయించుకుంటే బీసీ-సీ. ఎస్సీల 15 శాతం రిజర్వేషన్ పోయి ఒక్క శాతం చేతికొస్తది. ఉండేది అదే వాడల, పడేది అవే మాటలు. అందుకే తాసిల్ ఆఫీసుల ఒక పేరు, గుడిల ఒక పేరు పెట్టుకున్న పోరగాండ్లను తిట్టబోయి నా నోరు రాక ఊకున్న. శిలువ అంటే మనిషి తెలిసి ఎత్తుకునేది. ఇది సర్కారు తెచ్చి నెత్తిన పెట్టిన బరువు, దీన్ని దించుమని అడుగుడు మన హక్కు.

గని మా సంఘంల ఒక పిల్లగాడున్నడు. అన్ని తెలిసే బీసీ-సీ అని రాయించుకున్నడు. రాసిన పరీక్షల మార్కులు ఎస్సీ లెక్కల సరిపోతుండె, బీసీ-సీల సరిపోలే. ఇప్పుడు మందమర్రి దిక్కు బొగ్గుబాయిల కాంట్రాక్టు పనికి పోతుండు. రాత్రి షిఫ్టు దిగి, తానం చేసి, ఆదివారం ఎనుక బెంచీల కూసుంటడు. సాక్ష్యం చెప్పుమని వాన్ని ఒక్కనాడు పిలువలే. కారు వచ్చింది, వీసా వచ్చింది అనేటోనికే మైకు. ఈ పంట పండుగకు ఆ పిల్లగాన్ని ముంగటికి పిలువుమని సంఘ పెద్దలను నేనే అడుగుత. ఇనకపోతే కొట్లాడుత, నువ్వు గూడ నా పక్కన నిలబడాలె.