నాలుగు మడతల ముల్కీ కాగితం

కచేరీ కాగితాలకు ‘నేను’ అనే అలవాటు లేదు. ‘ఈ అర్జీదారు’, ‘ఈ పత్రం’ అనే మాట్లాడతాయి. షాద్‌నగర్‌లో ఒక పాత ఇంట్లో, రేకు ట్రంకుపెట్టె అడుగున పడుకుని ఉన్న ఈ ముల్కీ సర్టిఫికెట్ కూడా తన కథను ఆ పద్ధతిలోనే చెప్పుకుంటోంది.

ఈ పత్రం పుట్టింది 1951లో. నాలుగు మడతలు. మడతలు కలిసేచోట చిటికెన వేలు దూరేంత చిల్లు. కింది మూల కొంచెం చెదలు తిన్నాయి. ఊదారంగు మొహరు వెలిసిపోయింది కానీ, దాని మీద అధికారి పెట్టిన దస్కతు ఇప్పటికీ నల్లగానే ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్ తాలూకాకు చెందిన ఫలానా వ్యక్తి హైదరాబాద్ రాజ్యపు ముల్కీ అని ఈ పత్రం సాక్ష్యం చెబుతుంది.

ఆ ఫలానా వ్యక్తికి అప్పుడు ఇరవై ఏళ్లు లేవు. ఉర్దూలో చదువుకున్న రైతు కొడుకు. సర్కారు నౌకరీలో గుమస్తాగా చేరాలని ఆశ. దానికి ముల్కీ కాగితం కావాలన్నారు. ఊరి చావడిలో పట్వారీ విచారణ మొదలుపెట్టాడు.

“మీ తాతది ఏ ఊరురా?”

“ఇదే ఊరు పంతులూ. మా తాతల తండ్రులు గూడ ఈడనే దున్నుకున్నరు.”

పట్వారీ పహాణీ తిరగేశాడు. తాత పేరు కనిపించింది. ఇద్దరు పెద్దమనుషులు వేలిముద్రలు వేశారు. ఆ తర్వాతే పై కచేరీలో మొహరు పడింది. పడే ముందు జరగాల్సిన విచారణంతా జరిగిన కాగితం ఇది. అందుకే ఈ పత్రానికి తన పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఏ సంకోచమూ లేదు.

‘ముల్క్’ అంటే దేశం. ముల్కీ అంటే ఈ దేశంవాడు. కానివాడు గైర్ ముల్కీ. 1948 సెప్టెంబరు దాకా హైదరాబాద్ వేరే రాజ్యం కాబట్టి మద్రాసు నుంచి వచ్చినా, లక్నో నుంచి వచ్చినా చట్టం లెక్కలో పరాయివాడే. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్నప్పుడు పాలనను చక్కదిద్దడానికి ఉత్తరాది నుంచి చదువుకున్న అధికారులను రప్పించాడు. వాళ్లు కొలువులు చేశారు, తమవాళ్లను పిలిపించుకున్నారు. స్థానికులకు కడుపుమంట మొదలైంది. ఆ పోరు ఫలితంగా వచ్చిన నిబంధనలకు 1919లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో గట్టి రూపం వచ్చింది. పెద్ద కొలువైనా చిన్న కొలువైనా, నిజాం ప్రత్యేక అనుమతి లేకుండా గైర్ ముల్కీని పెట్టుకోకూడదు.

మరి ఎవరు ముల్కీ? ఇక్కడి పౌరుడిగా పుట్టినవాడు ముల్కీ. ముల్కీని పెళ్లాడిన స్త్రీ ముల్కీ. బయటివాడికీ ఒక దారి ఉంది. పదిహేనేళ్లు ఇక్కడ స్థిరంగా ఉండాలి. పాత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ఎదుట హలఫ్‌నామా రాసివ్వాలి.

అలాంటి హలఫ్‌నామా ఒకటి ఓ మధ్యాహ్నమంతా ఈ పత్రం పక్కనే, అదే బల్ల మీద ఉంది. రాసిచ్చినాయన నెరిసిన మీసాలవాడు. కలం సిరాలో ముంచి, చాలాసేపు కాగితం మీద ఆనించకుండా పట్టుకుని కూర్చున్నాడు. సిరా చుక్క బల్ల మీద రాలింది. కచేరీ గుమస్తా ఏమీ అనకుండా అద్దుడు కాగితం జరిపాడు. రైతు కొడుకు ‘ఇక్కడే పుట్టాను’ అంటే చాలింది. ఆయన మాత్రం పుట్టిన ఊరిని వదులుకున్నానని రాయాల్సి వచ్చింది. ఆ తేడా ఈ పత్రం ఎన్నడూ మరచిపోలేదు.

అందరూ ఆయనలా పదిహేనేళ్లు ఆగలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌ను భారతదేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత బయటి ప్రాంతాల నుంచి అధికారులు, ఉపాధ్యాయులు దిగారు. వాళ్ల వెంట దొంగ ముల్కీ సర్టిఫికెట్లూ పుట్టుకొచ్చాయి. నిన్న రైలు దిగినవాడు నేడు ముల్కీ అయ్యాడు. ఊరి పిల్లలు ఖాళీగా ఉంటే వాళ్ల కుర్చీల్లో ఇతరులు కూర్చున్నారు. తోటి కాగితాలు ఇలా అబద్ధం ఆడుతుంటే నిజం చెప్పే ఈ పత్రానికి కూడా విలువ తగ్గింది. స్థానికుడికి కొలువులో రక్షణ ఇవ్వడం తప్పు కాదు. ముందే చదువులో వెనకపడిన ప్రాంతానికి అది అవసరం. విచారించకుండా దస్కతు పెట్టడమే తప్పు.

1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఇంటిపేరు షాద్‌నగర్ పక్కనున్న బూర్గుల ఊరిదే. ఆయన గెలిచిందీ షాద్‌నగర్ నుంచే. ఆ వేసవి దాటగానే వరంగల్‌లో విద్యార్థులు కదిలారు. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ నినాదాలు హైదరాబాద్ దాకా పాకాయి. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పిల్లలు చనిపోయారు. విచారణ బాధ్యత జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డికి అప్పగించారు. అప్పటికే గుమస్తాగా చేరిన యువకుడు ఆ రాత్రి ట్రంకుపెట్టె తెరిచి, ఈ పత్రాన్ని తీసి చూసుకుని, మళ్లీ మడిచాడు.

ఆ మడతలు తర్వాత చాలాసార్లు విడిచాయి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో, తెలంగాణను ఆంధ్రతో కలపడానికి షరతులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ తరఫున సంతకం చేసినవారిలో బూర్గుల ఒకరు. ఇక్కడి కింది స్థాయి ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం ఉండాలన్నారు. దాన్ని నిలబెట్టడానికి 1957లో పార్లమెంటు చట్టం వచ్చింది. అమలు మాత్రం నీరుగారింది. 1969లో తెలంగాణ భగ్గుమంది. జనవరి 21న వచ్చిన జీవో 36, స్థానికేతరులను ఫిబ్రవరి చివరికల్లా వెనక్కి పంపాలంది. మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టంలోని ఆ నిబంధనను కొట్టేసింది. ఒకే రాష్ట్రంలో ఒక భాగానికే నివాస నియమం పెట్టడం కుదరదంది. 1972 అక్టోబరు 3న అదే కోర్టు, నిజాం కాలపు ముల్కీ నిబంధనలు మాత్రం రాజ్యాంగం కింద ఇంకా చెల్లుతాయని తీర్పు చెప్పింది. ఈసారి కోస్తా, సీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించారు. ఆ ఏడాది చివర ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి.

అంటే ఈ పత్రం ఇరవై రెండేళ్లు బతికి చచ్చిపోయింది. ప్రాణం మాత్రం ఇంకో కాగితంలోకి మారింది. 371-డి అధికరణం, 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కలిసి ‘ముల్కీ’ని ‘లోకల్’గా మార్చాయి. దానికీ గండ్లు పడ్డాయి. ఆ గండ్లు పూడ్చడానికే 1985 డిసెంబరు 30న జీవో 610 వచ్చింది. నిబంధనకు విరుద్ధంగా చేరినవారిని 1986 మార్చి 31లోగా సొంత జోన్లకు పంపాలన్న ఆ జీవో గురించి ఆ తర్వాత దశాబ్దాల పాటు పోరాడాల్సి వచ్చింది.

గుమస్తా పోయాక ట్రంకుపెట్టెలోకి కొత్త కాగితాలు వచ్చి చేరాయి. అందులో ఒకటి ఆయన మనవడి సౌదీ అకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు. దాని మీద అతడి పేరు, అతడికి పూచీగా ఉన్న కఫీలు పేరు, వృత్తి ఉన్నాయి. వృత్తి దగ్గర డ్రైవర్ అని ఉంది. అతడు చేసింది కరెంటు పని. అకామాలో లేని పని చేస్తే అక్కడ నేరం. నితాఖాత్ పేరుతో సౌదీ సర్కారు 2011 నుంచి కంపెనీల్లో తమ పౌరుల వాటా పెంచుతూ వచ్చింది. 2013లో తనిఖీలు బిగించింది. సరైన కాగితాలు లేని, మన వాళ్లు కల్లివల్లి అని పిలుచుకునే కార్మికులు వేలమంది ఇంటిదారి పట్టారు. మనవడూ శంషాబాద్‌లో దిగి షాద్‌నగర్ బస్సెక్కాడు. తాతకు కొలువు ఇచ్చిన నియమం లాంటిదే మనవడిని పని నుంచి తప్పించింది. అయితే ఆనాటి ముల్కీ నియమంలో పరాయివాడికి పదిహేనేళ్లకైనా ఒక తలుపు తెరిచేవారు. అకామా ఎన్నేళ్లు నడిచినా మీద రాసిన వృత్తి తనంతట తాను మారదు.

ఇప్పుడు మనవరాలు గ్రూప్ పరీక్షలకు చదువుతోంది. ఈ మధ్య ట్రంకుపెట్టె తెరిచి, ఈ పత్రాన్ని వేలి కొసలతో పట్టుకుని విప్పి, ఉర్దూ రాదు కాబట్టి మొహరును మాత్రం చూసి పక్కన పెట్టింది. ఆమెకు కావాల్సింది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివిందో చెప్పే బోనఫైడ్ కాగితాలు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ ఏడేళ్ల చదువే స్థానికతకు గురుతు. జిల్లా, జోనల్ కొలువుల్లో 95 శాతం స్థానికులకే.

ఆమె చదివిన బడి షాద్‌నగర్‌లోనే ఉంది, కదలలేదు. జిల్లా కదిలింది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు ఊరు రంగారెడ్డిలోకి వచ్చింది కాబట్టి ఆమెది చార్మినార్ జోన్. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జడ్చర్లలో చదివిన మేనమామ కూతురిది మహబూబ్‌నగర్ జిల్లా, జోగులాంబ జోన్. ఒకే పాత జిల్లా అమ్మాయిలిద్దరూ ఇప్పుడు వేర్వేరు జోన్లలో దరఖాస్తు చేసుకుంటున్నారు. ఈ పత్రం మీద జిల్లా పేరు మాత్రం ఇంకా మహబూబ్‌నగర్ అనే ఉంది.