97 చూపించిన సాయంత్రం

నేను ఆక్సీమీటర్‌ని. వార్డులో సిస్టర్లు ‘శాచురేషన్ మిషన్’ అంటారు. కరోనా కాలంలో ఊళ్లకు కూడా నా పేరు తెలిసింది. మా మూలపురుషుడు జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి. రక్తంలోకి రంగు ద్రవం ఎక్కించి గుండె పనితనాన్ని కొలిచే ప్రయోగాల్లో ఉండగా, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆయన గీస్తున్న గీత చెదిరేది. దాన్ని సరిచేయబోయి, ధమనిలోని రక్తం సంగతి ఆ చెదరడంలోనే దొరుకుతుందని కనిపెట్టాడు. 1974లో దాన్ని ప్రకటించాడు. నా పై దవడలో రెండు దీపాలుంటాయి. ఒకటి ఎర్రది, రెండోది కంటికి కనబడని పరారుణం. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్ర వెలుగును ఎక్కువగా వదిలేస్తుంది, పట్టుకోనిది ఎక్కువగా మింగేస్తుంది. వేలు దాటి వచ్చిన వెలుగును బట్టి నేను లెక్క కడతాను. నా విద్య అంతవరకే. ఆ పై విద్య సిస్టర్‌ది. అది నేను కళ్లారా చూశాను కనుక చెప్పాలి.

గోదావరి వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో, ఆడవాళ్ల సర్జికల్ వార్డులో ఉంటాను. ఆ రోజు మూడో బెడ్డు ఆవిడకు గర్భసంచి ఆపరేషన్. పొద్దున్నే సిస్టర్ ఆవిడ పక్కన కూర్చుంది.

‘‘పొద్దుట్నించీ ఏమన్నా తిన్నారా అమ్మా?’’

‘‘లేదమ్మా, ఉపాసమే.’’

చాలామంది ఇక్కడితో కాగితం మీద టిక్కు పెట్టేస్తారు. సిస్టర్ ఆగలేదు. ‘‘టీ ఏమన్నా తాగారా? మందుబిళ్ల వేసుకున్నారా?’’

‘‘టీ అంటే... ఐదింటికి అర గ్లాసు, మా కోడలు ఇచ్చింది.’’

మన ఇళ్లలో టీ తిండి కిందికి రాదు. మత్తు డాక్టర్ లెక్కలో మాత్రం పాల టీ నీళ్లలాంటిది కాదు. నీళ్లకు రెండు గంటలు ఆగితే చాలు, పాలకు ఆరు గంటలు ఆగాలి. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. సిస్టర్ కోడల్ని ఒక్క మాటా అనకుండా, డాక్టర్‌కి చెప్పి ఆవిడ పేరు లిస్టులో వెనక్కి జరిపించింది.

పుస్తెలతాడు, మెట్టెలు తీయించి, అందరి ముందూ కూతురి చేతికిచ్చి, కేస్‌షీట్‌లో రాసింది. గోళ్ల రంగు తుడిపించింది. దట్టమైన రంగు నా వెలుగుకు అడ్డం పడుతుంది. కానీ సిస్టర్‌కు ఇంకో కారణం కూడా ఉంది. గోరు నొక్కి వదిలితే ఎర్రదనం ఎంతసేపటికి తిరిగి వస్తుందో తన కంటికి కనబడాలి. ఎడమచేతికి గోరింటాకు గాఢంగా పండి ఉంటే, నన్ను కుడిచేతి వేలికి పెట్టింది. పల్స్ 78, బీపీ 130/80, ఊపిరి నిమిషానికి 16. నిమిషమంతా గుండెల కదలిక చూస్తూ లెక్కపెట్టాకే రాసింది.

తర్వాత దగ్గడం నేర్పింది. దిండు పొట్టకు అదుముకుని గట్టిగా ఊపిరి పీల్చి దగ్గాలి, పాదాలు ఆడిస్తూ ఉండాలి. ‘‘అర్థమైందా’’ అని అడిగితే ఎవరైనా తలూపుతారు. అందుకని ‘‘ఇప్పుడు మీ అమ్మాయికి మీరే నేర్పండి, నేను చూస్తా’’ అంది. ఆవిడ దిండు పట్టుకుని కూతురికి చేసి చూపించింది. లేచే ముందు సిస్టర్ ఇంకో మాట అంది: ‘‘ఆపరేషనయ్యాక ఎలా ఉన్నా చెప్పండి. ఇది చిన్న విషయం, సిస్టర్‌కెందుకులే అనుకోవద్దు.’’

సాయంత్రం ఆవిడ వార్డుకు వచ్చింది. నర్సింగ్ విద్యార్థిని నన్ను వేలికి తొడిగింది. 97 చూపించాను. అమ్మాయి రాసుకుని పక్క బెడ్డుకు వెళ్లబోయింది.

‘‘సిస్టరమ్మా, ఏదో గాభరాగా ఉంది. ఒకటే దాహం.’’

పొద్దున సిస్టర్ ఆ మాట చెప్పి ఉండకపోతే ఆవిడ నోరు విప్పేది కాదని నా నమ్మకం.

సిస్టర్ వచ్చి ముందు చేయి పట్టుకుంది. చల్లగా, చెమటగా ఉంది. గోరు నొక్కితే ఎర్రదనం ఆలస్యంగా వచ్చింది. పల్స్ 116, ఊపిరి 26. బీపీ 112/90 ఉంది. ఒక్కదాన్నే చూస్తే ఫర్వాలేదనిపించే అంకె. పొద్దుటి 130/80 పక్కన పెడితే, పైదీ కిందిదీ ఒకదానికొకటి దగ్గరైపోయాయి. దుప్పటి తీసి చూసింది. కట్టు పొడిగా ఉంది, పొట్ట బిర్రుగా ఉంది. యూరిన్ బ్యాగులో గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాల్సింది సగమే వచ్చింది.

నేను చూపిన 97 అబద్ధం కాదు. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండిందో నేను చెబుతాను. ఒంట్లో రక్తం ఎంత మిగిలిందో నాకు తెలియదు. డిపోలో పది బస్సులుండాల్సింది ఏడే మిగిలినా, ఆ ఏడింట్లో సీట్లు నిండితే నేను నిండుగానే ఉన్నాయంటాను. లోపల రక్తం కారుతున్న మనిషికి కూడా చాలాసేపటివరకు నా అంకె నిబ్బరంగానే ఉంటుంది. దాన్ని చూసి నిశ్చింతగా ఉండడమే ప్రమాదం.

సిస్టర్ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ‘‘మూడో బెడ్డు డాక్టర్‌గారూ, గర్భసంచి తీసి నాలుగు గంటలైంది. పొద్దున పల్స్ 78, ఇప్పుడు 116. చేతులు చల్లబడ్డాయి, పొట్ట బిర్రుగా ఉంది, యూరిన్ తగ్గింది. లోపల బ్లీడింగ్ అనుకుంటున్నాను. మీరు ఇప్పుడే రావాలి.’’ ‘కొంచెం డల్‌గా ఉంది, వీలైతే చూడండి’ అని ఉంటే ఎంత ఆలస్యమయ్యేదో! ఆయన వచ్చేలోపు రక్తం తెప్పించడానికి మనిషిని పంపింది, రెండో చేతికీ సూది పెట్టి సిద్ధం చేసింది. కూతుర్ని పక్కకు పిలిచి ఏం జరుగుతోందో, ఎందుకు మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి రావచ్చో తేలికమాటల్లో చెప్పింది. తీసుకెళ్లారు. జారిన కుట్టు దొరికింది. అర్ధరాత్రికి ఆవిడ పల్స్ 90కి దిగింది.

‘‘97 ఉంది కదా సిస్టర్, మీకెలా అనుమానమొచ్చింది?’’ అని అడిగింది విద్యార్థిని. సిస్టర్ పొద్దుటి కాగితం, సాయంత్రం కాగితం పక్కపక్కన పెట్టి చూపించింది. ‘‘ఆవిడ చెప్పింది కదమ్మా’’ అని కూడా అంది.

ఆ అమ్మాయి నాలుగో బెడ్డుకు వెళ్లింది. ఆ షీట్‌లో ఊపిరి వరుసలో పైనుంచి కింది దాకా 20, 20, 20 అనే ఉంది. నన్ను పేషెంటు వేలికి పెట్టి, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, గడియారం కేసి ఓ చూపు, గుండెల కేసి ఓ చూపు వేస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. 24 వచ్చింది. అలాగే రాసి, సిస్టర్‌ని పిలిచింది.