కాంఫ్రీ సూత్రానికి పెరటి టీక

మూలం: "కాంఫ్రీ వేర్లు నాటండి. తగినంత నీరు ఇవ్వండి. ఎముకలు అతికించే ఈ అద్భుత డైనమిక్ అక్యుమ్యులేటర్ మీ తోటకు వరం. ఆకుతో బజ్జీలూ వేసుకోవచ్చు."

అవతారిక: మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే సూత్రాలు వెలువరించే ఒక ఆచార్యులవారి వాక్కు ఇది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు పండితులకు శాలువాలు కప్పిన సీమ మాది. వాక్యం కనబడితే వ్యాఖ్య చెప్పనిదే ముద్ద దిగదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. నేను పట్టలేదు.

కాంఫ్రీ = చల్లటి దేశాల చెమ్మనేలల్లో పెరిగే గరుకాకు మొక్క. ఇంగ్లండులో ఎసెక్స్ సీమలోని బాకింగ్ అనే ఊళ్లో లారెన్స్ హిల్స్ అనే ఆయన 1950లలో దీని రకాలు పెంచి నంబర్లు వేశాడు. తోటమాలులు తలకెత్తుకున్నది పద్నాలుగోది. దానికి మొలిచే గింజ పట్టదు, వేరు ముక్కే నాటాలి. కనుక "బాకింగ్ 14 విత్తనాలు" అమ్మేవాణ్ని నమ్మకండని ధ్వని.

నాటండి = సులభము.

తగినంత నీరు = స్పష్టము. (తమకు తెలియని చోటనే పూర్వ వ్యాఖ్యాతలు ఈ మాట రాసేవారు.) వనపర్తిలో మా వీధి నల్లా దినం తప్పించి దినం వస్తుంది. బిందెలు నిండాక మిగిలిందే తగినంత. ఎండకాలం 40 డిగ్రీలు దాటాక ఆ మిగలడమూ ఉండదు. ఇంతకుమించి ఈ పదానికి అర్థం లాగలేను.

ఎముకలు అతికించే = ఇక్కడ కాసేపు కూర్చుందాం. కాంఫ్రీ శాస్త్రనామం సింఫైటం. గ్రీకులో కలిసి పెరగడమనే మాటలోంచి వచ్చింది. బాగుంది. మరి మా కంచె మీది నల్లేరు మాటో? భావప్రకాశ నిఘంటువు దాన్ని అస్థిసంహారి అంది. సంహారమనగానే మీరు రాక్షసుల్ని తలుచుకుంటారు. కానీ కూర్చడం, దగ్గరికి చేర్చడం కూడా సంహారమే. భట్టనారాయణుడి 'వేణీసంహారం' సంగతేమిటి? అందులో ద్రౌపది జడ తెగిపోదు, విరబోసుకున్న జుట్టును భీముడు ముడేస్తాడు. నల్లేరూ అలాగే ఎముకను కూర్చేది. వజ్రవల్లి అనీ దానికి పేరుంది. నాలుగు పలకల కాడ, బెత్తెడుకో గణుపు, ఒక్క గణుపు గుచ్చితే కంచెంతా పాకుతుంది. లేత కాడలు పచ్చడికి పనికొస్తాయి, చేతికి నూనె రాసుకోకుండా కోస్తే మాత్రం రాత్రంతా దురద. "నల్లేరు మీద బండి నడక" అంటే బండికి సుఖమని అందరూ చెప్పారు. నల్లేరు సంగతి ఎవరూ చెప్పలేదు. నలిగి తెగిన గణుపు పడ్డచోట మళ్లీ వేరూనుతుంది, కాబట్టి దానికీ పెద్ద నష్టం లేదని నా అన్వయం. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టంచును దారంలో దారం మెలేసి కూర్చడం కూడా ఈ అర్థంలో సంహారమేనని సాధించవచ్చు గానీ...

సూత్రం ఎక్కడుంది? ఆఁ.

డైనమిక్ అక్యుమ్యులేటర్ = లోతుకు వేరు దింపి, సారాన్ని పైకి తోడి ఆకులో దాచేదట. ఆకు కోసి పాదుల్లో పరిస్తే ఎరువట. బిరుదు పెద్దది, రుజువు పలచన. ఆకు కోసి మట్టికిచ్చే పనికి మన దగ్గర పచ్చిరొట్ట అనే మాట ఎప్పట్నుంచో ఉంది: వరిమడిలో జిల్లేడు, కానుగ తొక్కినా, జనుము, జీలుగ చల్లి కలియదున్నినా అదే. ఇంగ్లీషు బిరుదు లేకపోవడమే వాటి లోపం.

నేనూ తెప్పించాను. తడి కాగితంలో చుట్టిన నాలుగు వేరు ముక్కలు, పైన నలుపు, లోపల తెలుపు, చిటికెన వేలంత. నాలుగొందలు. రెండు శ్రావణంలో రేగడిలో కుళ్లాయి. ఒకటి మొలవనే లేదు. నాలుగోది ఆరు ఆకులు తొడిగి, మే నెల మొదటి వారంలో అప్పడమైంది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి, "బిడ్డా, గా నీళ్లేవో నా మల్లెచెట్టుకు పోస్తే నాలుగు మూరల పూలన్నా ఇస్తుంటి గదా" అంది. ఇంత సూటి తాత్పర్యం నేను రాయలేను.

బజ్జీలు = ఇక్కడ పరిహాసం చాలు. కాంఫ్రీలో కాలేయాన్ని దెబ్బతీసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లున్నాయి. కడుపులోకి తీసుకునే కాంఫ్రీ సరుకును మార్కెట్ నుంచి తీసేయమని అమెరికా ఎఫ్‌డీఏ 2001లోనే కంపెనీలకు చెప్పింది. ఆచార్యా, ఆ వాక్యం ఇవాళే చెరిపేయండి. గ్రూపులో పసిపిల్లల తల్లులున్నారు.

కాంఫ్రీ పోయిన చోట గిరిపుష్పం కొమ్మ గుచ్చాను. రెండేళ్లలో గోడ దాటింది, నరికినకొద్దీ రొట్ట ఇస్తోంది. బొటనవేలి లావు కొమ్మలు కావలసినవారు తొలకరి వాన పడగానే రండి. కొడవలి మీరే తెచ్చుకోవాలి.